పద్దెనిమిది టిక్కులు

మా కావలి ఇంట్లో ఫోను సెట్టు అడుగున చిన్న స్విచ్చి ఒకటి ఉండేది. ఒక పక్క టీ, ఇంకో పక్క పీ అని అక్షరాలు. టీ అంటే టోన్, పీ అంటే పల్స్, ఫోను నెంబరు కొట్టే రెండు పద్ధతులు. అది ఎప్పుడూ పీ వైపే ఉండేది. ఎందుకుందో ఎవరికీ తెలీదు, ఎవరూ కదిలించలేదు. 2001లో ఆ స్విచ్చిని చూసే నేను కంప్యూటర్లో కూడా టోన్ తీసేసి పల్స్ అని పెట్టాను. ఆ ఒక్క పని చేయకపోయుంటే మా ఇంటికి ఇంటర్నెట్ ఎప్పటికి వచ్చేదో చెప్పలేను.

అప్పటికి నేను జవహర్ భారతిలో డిగ్రీ పూర్తి చేసి, ట్రంకు రోడ్డు మీద ఒక సెంటర్లో కంప్యూటరు కోర్సు చేస్తున్నాను. అక్కకి పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళి రెండేళ్ళు. ఉత్తరం రావడానికి పదిహేను రోజులు పట్టేది. ఆదివారం పొద్దున అక్క ఫోను చేస్తే అమ్మ, నాయన, నేను రిసీవరు కోసం పోటీ పడేవాళ్ళం. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేది. ఆ మేలో అక్కకి పాప పుట్టింది. అమ్మకి వీసా రాలేదు. బావ ఫొటోలు మెయిల్లో పంపిస్తానన్నాడు. నాయన ఇంక ఆలోచించలేదు. పీఎఫ్‌లో అప్పు పెట్టి, నెల్లూరులో ముప్పై రెండు వేలకి కంప్యూటరు అసెంబుల్ చేయించి, బస్సులో టీవీ పెట్టెంత అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సెలెరాన్ ప్రాసెసరు, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. దాంతోపాటు వేరే చిన్న పెట్టెలో కంప్యూటర్ని ఫోను లైనుకి కలిపే మోడెమ్, ముందు వైపు వరసగా దీపాలున్న 56కే మోడెమ్. బీఎస్ఎన్ఎల్ వాళ్ళ ఇంటర్నెట్ కార్డు, సంచార్‌నెట్, నేను తెచ్చాను. యూజర్ పేరు, పాస్‌వర్డు, కొట్టాల్సిన నెంబరు 172233.

మై కంప్యూటర్ తెరిచి, డయల్-అప్ నెట్‌వర్కింగ్ ఫోల్డరులో మేక్ న్యూ కనెక్షన్ మీద రెండు నొక్కులు. పేరు అడిగింది, ఇచ్చాను. ఏరియా కోడ్ అడిగింది. మనది 08626 కదా, అదే కొట్టాను. దేశం అడిగితే జాబితాలో వెతికి ఇండియా పెట్టాను. సర్వర్ టైప్స్‌లో ఫోను లైను మీద నెట్ కలిపే పద్ధతి పీపీపీ ఉందో లేదో చూసుకున్నాను. సెంటర్లో సారు చెప్పినట్టే, కంప్యూటర్లు మాట్లాడుకునే భాషల్లో నెట్‌బీఈయూఐ, ఐపీఎక్స్ మీద టిక్కులు తీసేసి ఇంటర్నెట్‌కి కావలసిన టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచాను. లాగాన్ టు నెట్‌వర్క్ కూడా తీసేశాను. అది ఉంటే ఆఫీసుల్లో ఉండే సర్వరు కోసం వెతుక్కుంటూ కనెక్షన్ ఆలస్యమవుతుంది, ఇంటికి అవసరం లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అమ్మ మోడెముకి కుంకుమ బొట్టు పెట్టింది. కనెక్ట్ నొక్కాను.

టిక్కుటిక్కుటిక్కుమని కొట్టుకుంది. కాసేపటికి తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఎర్రర్ 676, లైను బిజీగా ఉంది, తర్వాత ప్రయత్నించండి.

బిజీ అంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు. కొత్తగా అందరూ పెట్టించుకుంటున్నారు, లైన్లు దొరకడం కష్టంలే అని సెంటర్లో అందరూ అన్నారు. నేనూ నమ్మాను. తప్పు మన దగ్గర ఉంటే వెతుకుతాం, అవతల బిజీ అంటే ఓపిక పడతాం. పన్నెండు రోజులు ఓపిక పట్టాను. పొద్దున నాలుగింటికి లేచి కొట్టాను, మధ్యాహ్నం కరెంటు ఉన్నప్పుడు కొట్టాను. సెట్టింగ్స్‌లో రీడయల్ అని ఉంటే, నిమిషానికోసారి మళ్ళీ మళ్ళీ కొట్టేలా పెట్టి పడుకున్నాను. కనెక్ట్ పెట్టెలో నెంబరు చివర 172233 కనబడుతుంటే చాలనుకున్నాను. ఆదివారం అక్క ఫోను చేసి చూశారా అనడిగితే, లైను బిజీ అక్కా అనేదాన్ని. అమ్మ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకునేది.

మా పెదనాయన ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉండేది. ఆయన టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గుండ్రటి డయల్ ఫోన్ల కాలం నుంచి స్తంభాలెక్కిన మనిషి. కంప్యూటరు తెచ్చిన రోజు వచ్చి చూసి, బాగుంది పాపా అని వెళ్ళిపోయాడు, మళ్ళీ దాని జోలికి రాలేదు. రోహిణి కార్తె ఎండలకి లోపల పడుకోలేక రెండిళ్ళ మధ్య ఖాళీలో నులక మంచం వేసుకుని పడుకునేవాడు. నా గది కిటికీ సరిగ్గా ఆయన తలవైపు.

పదమూడో రోజు పొద్దున కాఫీ గ్లాసుతో లోపలికొచ్చాడు.

"పాపా, రాత్రంతా ఆ డబ్బా ఎవురికి ఫోను చేస్తా ఉండాది?"

"ఇంటర్నెట్‌కి పెదనాయనా. 172233. లైను బిజీ వస్తా ఉంది."

"ఆ నెంబరులో సున్నా లేదే."

నాకర్థం కాలేదు. ఆయన మంచం మీద కూర్చుని చెప్పాడు. పల్స్ ఫోనులో ఒకటి కొడితే లైను ఒకసారి తెగి అతుక్కుంటుంది, అది ఒక టిక్కు. తొమ్మిదికి తొమ్మిది టిక్కులు. సున్నాకి పది. అంకెకీ అంకెకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. స్తంభం మీద టెస్ట్ ఫోను తగిలించుకుని కూర్చుంటే, ఏ ఇంట్లోవాళ్ళు ఏ నెంబరు తిప్పుతున్నారో ఆ చప్పుడుతోనే తెలిసిపోయేదట.

"నాకు నిద్ర పట్టక లెక్కేశా. ముందుగాల పది టిక్కులు పడతా ఉండాయి. పది అంటే సున్నా. మీ ఫోనుకి బయటూళ్ళకి చేసే ఎస్టీడీ లేదు గదా, సున్నా ఎందుకు కొడతా ఉండాది? ఏదీ, ఇంకోతూరి కొట్టించు."

కొట్టించాను. ఆయన మోడెమ్ దగ్గరికి చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. సెకనుకి పది టిక్కులు పడతాయి, నాకైతే అదంతా ఒకటే కటకట. ఆయన కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద గబగబా పరుగెడుతోంది, జపం చేసుకునేవాళ్ళు లెక్క పెట్టుకుంటారే, అట్లా. అయిపోయాక కళ్ళు తెరవకుండానే పెన్సిలు కోసం చెయ్యి చాపాడు. పేపరు అంచు మీద మూడంకెలు రాశాడు. ఇంకోతూరి అన్నాడు. ఇంకో నాలుగు రాశాడు. మళ్ళీ కొట్టించాను. అట్లా అయిదుసార్లు. చివరికి పేపరు అంచు మీద పదహారు అంకెలున్నాయి.

0 1 1 9 1 0 8 6 2 6 1 7 2 2 3 3.

"చివర ఆరూ నువ్వు చెప్పిన నెంబరే. దాని ముందర మన కావలి కోడు. ఈ మొదటి మూడు చూడు, సున్నా ఒకటి ఒకటి. అది ఢిల్లీ కోడు పాపా. మీకు ఎస్టీడీ ఉండుంటే ఈ పన్నెండు దినాలకి మీ నాయన ఇల్లమ్ముకోవాల్సొచ్చేది."

ఎస్టీడీ లేదు కాబట్టి, మొదటి సున్నా పడగానే ఎక్స్ఛేంజి ఎంగేజి టోను ఇచ్చేస్తోంది. మోడెమ్ అది పట్టించుకోకుండా మిగతా పదిహేనూ కొట్టుకుంటూ పోయి, అంతా అయ్యాక చెవి పెట్టి విని, లైను బిజీ అంటోంది. పన్నెండు రోజులు అవతల ఎవరూ బిజీగా లేరు. మేం ఒక్కసారి కూడా అవతలిదాకా పోలేదు.

కానీ ఢిల్లీ ఎందుకు? మధ్యలో ఆ 91 ఏంటి? పెదనాయన, నేను ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాం. కూరగాయలు తరుగుతున్న అమ్మ కత్తిపీట వాల్చి వచ్చింది. తొంగి చూసి, "ఇది అక్క మనకి చేసే నెంబరు గదా" అంది.

అక్క మొదట్లో రాసిన ఉత్తరం ఒకటి అమ్మ బియ్యం డబ్బా మీద బొత్తిలో ఉండేది. నేను మీకు ఫోను చేయాలంటే ఇన్ని అంకెలు కొట్టాలమ్మా అని అందులో వరసగా రాసింది. ముందు 011, తర్వాత ఇండియాకి 91, తర్వాత 8626, ఆపైన మన నెంబరు. అమెరికాలో ఉన్నవాళ్ళు వేరే దేశానికి ఫోను చేయాలంటే ముందు 011 కొట్టాలి. మా కాగితంలో కావలి కోడు ముందు సున్నా ఒకటి ఎక్కువుంది, అంతే తేడా.

అప్పుడు వెలిగింది నాకు. కంట్రోల్ ప్యానెల్లో డయలింగ్ ప్రాపర్టీస్ తెరిచాను. నువ్వు ఏ దేశంలో ఉన్నావు అన్న చోట యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా అని ఉంది. మోడెమ్ మొదటిసారి పెట్టేటప్పుడు అది అడుగుతుంది. ఎవరూ మార్చకపోతే అమెరికానే ఉంటుంది. నేను కనెక్షన్‌లో ఇండియా అని పెట్టింది చేరాల్సిన చోటు గురించి. బయల్దేరే చోటు వేరే ఉందని, దాన్నీ చెప్పాలని నాకు తోచలేదు. మా కంప్యూటరు తాను అక్క ఊళ్ళో ఉన్నాననుకుని, అక్కడి నుంచి కావలికి ఫోను చేస్తోంది.

"అయితే ఇది అక్కడుండాననుకుంటా ఉండాదా?" అంది అమ్మ. తెర వంక ఎంత ప్రేమగా చూసిందో.

దేశం ఇండియా చేశాను. ఏరియా కోడు 8626 ఇచ్చాను. కనెక్షన్ ప్రాపర్టీస్‌లోకి పోయి యూజ్ ఏరియా కోడ్ అండ్ డయలింగ్ ప్రాపర్టీస్ అన్నదాని మీద టిక్కు కూడా తీసేశాను, ఇంక ముందు ఏ అంకే తగిలించకుండా. పెదనాయన కాగితం మీద లెక్కేసుకున్నాడు. ఒకటి, ఏడు, రెండు, రెండు, మూడు, మూడు. "పద్దెనిమిది టిక్కులు పడాల. ఎక్కువ పడ్డా తక్కువ పడ్డా ఆపేయ్."

కనెక్ట్ నొక్కాను. మోడెమ్ మీద ఓహెచ్ అన్న దీపం వెలిగింది. దాని మీదున్న అక్షరాల్లో పెదనాయనకి తెలిసింది అదొక్కటే. ఆఫ్ హుక్, రిసీవరు ఎత్తినట్టు. బొటనవేలు కణుపుల మీద నడిచింది. పద్దెనిమిది. ఆగింది. అవతల రింగు. ఒక సన్నటి కూత, దాని మీద ఇంకో కూత, టొంయ్ టొంయ్‌మని, ఆ తర్వాత చేటలో ఇసుక పోసి చెరుగుతున్నట్టు ఒక జోరు. పెదనాయన మొహం వెలిగిపోయింది. "ఇద్దరూ మాట్లాడుకుంటా ఉండారు" అన్నాడు.

వెంటనే 691 వచ్చింది. పాస్‌వర్డు తప్పు. క్యాప్స్ లాక్ పడి ఉంది, తీసి మళ్ళీ కొట్టాను. గడియారం పక్కన రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ వచ్చి కూర్చుంది. దాని మీద బాణం పెడితే వేగం 31,200 బీపీఎస్.

ఫొటో పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగింది. ముందు ఆసుపత్రి గోడ, తర్వాత గులాబి రంగు టోపీ, తర్వాత నుదురు. నుదురు కనబడగానే అమ్మ "మా అమ్మ నుదురు" అంది. కళ్ళు వచ్చేదాకా మాట్లాడలేదు. నాయన స్కూలు నుంచి వచ్చేసరికి కనెక్షన్ కట్ చేసినా ఫొటో తెర మీదే ఉంచాం, ఆపితే పోతుందేమోనని అమ్మ ఆపనివ్వలేదు.

తర్వాత నాలుగేళ్ళు నాకూ పెదనాయనకీ అదే పని. కావలిలో పిల్లలు అమెరికా పోయిన ఇళ్ళు అప్పుడప్పుడే పెరుగుతున్నాయి. ఎవరింట్లో నెట్ రాకపోయినా కబురొచ్చేది. ఆయన టీవీఎస్ ఫిఫ్టీ తీసేవాడు, నేను వెనక కూర్చునేదాన్ని. నా సంచిలో విండోస్ సీడీ, ఆయన సంచిలో స్క్రూడ్రైవరు, బ్లేడు, ఇన్సులేషన్ టేపు. ఆయన గోడదాకా, నేను గోడ నుంచి.

తుమ్మలపెంట రోడ్డులో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో పాత విండోస్ 95 ఉండేది. 720 అని ఎర్రరు. దాంట్లో నెట్‌బీఈయూఐ, ఐపీఎక్స్ ఉన్నాయిగానీ అసలు టీసీపీ/ఐపీయే లేదు. 95లో అది మనం వేసుకుంటేనే ఉంటుంది. నెట్‌వర్క్‌లో యాడ్, ప్రొటోకాల్, ఎడమ పక్క మైక్రోసాఫ్ట్, కుడి పక్క టీసీపీ/ఐపీ. సీడీ పెట్టి, రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. ఒక లాడ్జిలో ఇంటర్‌కమ్ ద్వారా లైను. డయల్ టోను లేదని 680 వచ్చేది. ఆ బోర్డు ఇచ్చే టోను మోడెముకి తెలిసిన టోను కాదు. డయల్ టోను కోసం ఆగు అన్న టిక్కు తీసేసి, 0 కొట్టి ఒక కామా, తర్వాత నెంబరు పెట్టాను. కామా అంటే రెండు సెకన్లు ఆగమని. ఇంకో ఇంట్లో సేవ్ పాస్‌వర్డ్ గడి మసకబారి ఉంది, ఎంత నొక్కినా పడదు. పొద్దున విండోస్ మొదలయ్యేటప్పుడు పేరు అడిగే పెట్టెని వాళ్ళబ్బాయి రోజూ ఎస్కేప్ కొట్టి దాటేస్తున్నాడు. నువ్వెవరో చెప్పకుండా లోపలికొస్తే ఎవరి పాస్‌వర్డని దాచుకుంటుంది? పేరు కొట్టి ఓకే నొక్కమన్నాను.

ఉలవపాడు వెళ్ళింది మాత్రం బాగా గుర్తుంది. మామిడితోటలో ఇల్లు, రిటైరైన మేష్టారు, కొడుకు డల్లాస్‌లో. నెట్ కలుస్తుంది, రెండు నిమిషాల్లో తెగిపోతుంది. ఉన్నంతసేపూ వేగం 14,400 దాటదు. నేను సెట్టింగులన్నీ చూశాను, ఒక్కటీ వంక పెట్టడానికి లేదు. మోడెమ్ మార్చాలేమో అనబోతున్నాను. పెదనాయన రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. "నూనెలో ఆవాలు వేగతా ఉండాయి" అన్నాడు.

గోడ మీద, ఫోను తీగలు వచ్చి కలిసే రోజెట్టు మూత తీశాడు. లోపల రాగి తీగల కొసలు పచ్చగా ఉన్నాయి, రాగి చెంబుని చింతపండుతో తోమకుండా వదిలేస్తే పడుతుందే, ఆ చిలుము. సముద్రం ఎక్కువ దూరం లేదు, ఉప్పు గాలి. ఆయన పచ్చగా ఉన్నంతమేర కత్తిరించేశాడు. బ్లేడు మొన ఆనించి, తీగ తెగకుండా పైతొక్క ఒక్కటే ఒలిచాడు. లోపలి రాగి కొత్త పైసా లాగా మెరిసింది. కొసని స్క్రూ కింద పెట్టేటప్పుడు ఎప్పుడూ స్క్రూ తిరిగే వైపే చుట్టేవాడు, బిగించేకొద్దీ తీగ లోపలికి లాక్కుంటుందని. పనిచేస్తుండగా ఎవరో ఫోను చేశారు. లైనులో మామూలుగా 48 వోల్టులే, రింగు వచ్చేటప్పుడు చాలా ఎక్కువ. చెయ్యి విదిలించుకుని, "ఎవురో గాని నీ కోసమే మేష్టారూ" అని మళ్ళీ పనిలో పడ్డాడు. బయట స్తంభం దగ్గర, ఇళ్ళకి తీగలు పంచే డీపీ పెట్టెలోనూ అదే పని చేశాడు. వచ్చి కనెక్ట్ చేస్తే 28,800. ఆ సాయంత్రం మేష్టారు కొడుకుతో ముప్పావుగంట చాటింగ్ చేశారు. డబ్బు తీసుకోమంటే పెదనాయన ఒప్పుకోలేదు. బండి ముందు గోనెసంచిలో మామిడికాయలు వేసి పంపారు. దారి పొడుగునా ఆ వాసన.

ఎంతో కాలానికి తెలిసింది నాకు, మా ఎక్స్ఛేంజి టోన్ డయలింగ్ కూడా తీసుకుంటుందని. పల్స్ కంటే ఎంతో త్వరగా అయిపోతుంది. మార్చాను. పెదనాయన పక్కనే ఉన్నాడు. ఆరు అంకెలూ పికపికమని ఒక్క క్షణంలో అయిపోయాయి. "ఏం కొట్టిందో నాకు తెలీలేదు పాపా" అన్నాడు, మెల్లగా. ఆయన వెళ్ళాక మళ్ళీ పల్స్ పెట్టేశాను. ఇంకో నాలుగైదు సెకన్లు ఎక్కువ పడితే మాకు వచ్చిన నష్టమేం లేదు. ఆ కంప్యూటరు ఉన్నన్నాళ్ళూ అట్లాగే ఉంచాను.

2006లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. ఫోను వైరుకి చిన్న స్ప్లిట్టరు, ఒక కొస ఫోనుకి, ఒక కొస కొత్త మోడెముకి. అక్క వెబ్‌క్యామ్‌లో కనబడింది, దాని ఒళ్ళో అయిదేళ్ళ పాప. అమ్మ కుర్చీ జరుపుకుని తెరకి ఆనుకుని కూర్చుంది. పెదనాయనకి అప్పటికి నడవడం కష్టంగా ఉండేది, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కాసేపు పాపని చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు.

"చప్పుడు రాలేదే. ఎప్పుడు కొట్టింది?"

"దీనికి నెంబరు కొట్టే పన్లేదు పెదనాయనా. ఎప్పుడూ కలిసే ఉంటుంది."

ఆయన ఫోను దగ్గరికి వెళ్ళి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డయల్ టోను వస్తోంది. అవతల తెర మీద పాప మాట్లాడుతూనే ఉంది. రెంటినీ కాసేపు విన్నాడు.

"మరి ఇదిప్పుడు యాడుండాననుకుంటా ఉండాది?"

"కావలిలోనే పెదనాయనా."

తల ఊపి, రిసీవరు పెట్టేసి, అమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.